దూది తప్పు కాదు

మా కోడలికి,

మామయ్య ఆశీస్సులు. ఇక్కడ నేనూ మీ అత్తయ్యా క్షేమం. ఉత్తరమన్నాక ఈ ముక్క రాయాలి గనక రాశాను. ఎంత క్షేమమో కింద చదివితే నీకే తెలుస్తుంది. అక్కడి మీ సంగతులు విన్నప్పటి నుంచి నాకు మాత్రం స్థిమితం లేదు.

మీరు వెళ్లిపోయిన ఈ రెండున్నరేళ్లలో నువ్వు రాసినవన్నీ మీ అత్తయ్య పేరు మీదే వచ్చాయి. చివర్లో "మామయ్యను అడిగానని చెప్పండి" అని ఒక్క ముక్క ఉండేది. అబ్బాయి ఆ ముక్క కూడా అనడు. ఫోన్ చేస్తే తల్లితో మాట్లాడి పెట్టేస్తాడు. అలాంటిది ఈసారి కవరు మీద నా పేరు ఉంది. పోస్టుమ్యాన్ దుకాణానికే తెచ్చి ఇచ్చాడు. చించడానికి భయమేసింది. ఎడమకన్ను ఇప్పుడు సగమే పనిచేస్తుంది, ఒక్క కుడికంటితో చేతిరాత చదివితే తల పగిలిపోతుంది. అందుకని ఇంటికి తెచ్చి మీ అత్తయ్య చేతికిచ్చాను. ఆమె కూర తరుగుతున్న చేయి కొంగుకు తుడుచుకుని పైకి చదివింది. ఈ జవాబు మాత్రం నేనే రాస్తున్నాను. అక్షరాలు పెద్దవిగా ఉంటాయి. వరసలు కిందికి జారిపోతే సర్దుకుని చదువుకో.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబులు చెబుతాను. మీ అత్తయ్య మోకాలు అలాగే ఉంది. నడవడానికని కర్ర కొనిస్తే దాన్ని రెండు కుర్చీల మధ్య అడ్డంగా పెట్టి తడిబట్టలు ఆరేస్తోంది. దుకాణం ఉంది. బస్టాండు మెట్ల కింద అదే ఇరుకు, అదే గాజుపెట్టె. కాకపోతే గడియారాలు విప్పడం మానేశాను. బెల్టులు మార్చడం, బ్యాటరీలు వేయడం, అంతవరకే. లోపలి పని ఉన్నవాటిని పై అంతస్తులో ఉన్న ఇంకో మెకానిక్ దగ్గరికి పంపుతున్నాను. ఒకప్పుడు అతను విప్పి బిగించలేక నా దగ్గరికి తెచ్చేవాడు. ఇప్పుడు నేను "పైకి వెళ్లండి" అని వేలు చూపిస్తున్నాను. అతను మంచివాడే, ఎప్పుడూ ఆ సంగతి ఎత్తడు. ఎత్తకపోవడమే నాకు కష్టంగా ఉంటుంది.

నా ఊపిరి ఎలా ఉందని అడిగావు. బాగుంది. ఏడాదిన్నర నుంచీ బాగుంది. ఆగకుండా మెట్లెక్కుతున్నాను. ఆ సంగతి నీకు ఇంతకాలం ఎవరూ ఎందుకు రాయలేదో కూడా ఇందులోనే చెప్పాలి.

ఇక మన మనవరాలు పిట్ట సంగతి. పరిగెత్తినా, గట్టిగా నవ్వినా దగ్గు వస్తోందనీ, వీపు మీద చెవి పెడితే పిల్లికూతలు వినిపిస్తున్నాయనీ, డాక్టరు ఆస్తమా అన్నారనీ రాశావు. "ఇంట్లో ఇంకెవరికైనా ఉందా అని అడిగారు. మీకు ఎప్పుడు మొదలైందో, ఏమేం పడవో వివరంగా రాయండి మామయ్యా" అన్నావు. ఆ తర్వాతి నాలుగు వాక్యాలూ మీ అత్తయ్య రెండుసార్లు చదివింది. "కడుపులో ఉన్నప్పటి నుంచీ దాన్ని దూదిలోనే పెంచాను. మీకు చేసినట్టే దానికీ నేనే చేశానేమో. నేను కుట్టిన బొమ్మలన్నీ మూట కట్టి బయట పారేశాను. కుందేలు కావాలని మూడు రోజులు ఏడ్చింది."

అమ్మాయ్, నాకు నువ్వేమీ చేయలేదు.

ఈ ఒక్క వాక్యం కోసమే ఈ ఉత్తరం. కానీ ఇదొక్కటే రాసి సంతకం పెడితే నువ్వు నమ్మవు. పెద్దాయన ఏదో ఓదార్చడానికి అంటున్నాడు అనుకుంటావు. అందుకని మొదటి నుంచి చెప్పుకొస్తాను. కొంత నీకు తెలిసిందే. తెలిసిందనుకున్నది కూడా సరిగా తెలియదు.

నాకు ఆరో ఏట మొదలైంది. బడిలో చేర్చే రోజున మా నాన్న దారిలో నన్ను ఆపి చెప్పాడు. "ఎవరన్నా అడిగితే జలుబు అను. ఉబ్బసం అన్నావంటే నిన్నో మూల కూర్చోబెడతారు, ఎవడూ ఆటకి పిలవడు." మా మేనత్తకూ అదే ఉండేది. ఆవిడదీ జలుబే అనేవాళ్లం. ఆ జలుబుతోనే ముప్పై రెండో ఏట పోయింది. అయినా ఇంట్లో ఎవరూ మాట మార్చలేదు. నేనూ అలాగే పెరిగాను. జబ్బు కన్నా దాన్ని దాచడం ముందు నేర్చుకున్నాను. ఇన్‌హేలర్ పీల్చాలంటే గోడవైపు తిరిగేవాణ్ని. మీ పెళ్లయి ఆరు నెలలైనా నీకే తెలియలేదు, నేను సిగరెట్టు కోసం పెరట్లోకి వెళుతున్నాననుకున్నావు. "మానేయండి మామయ్యా" అని నువ్వు మందలిస్తే, సరే మానేస్తానని మాటిచ్చాను గానీ అసలు సంగతి చెప్పలేదు.

నడి వయసులో బీపీ తోడైంది. తర్వాత హెర్నియా. ఆ ఆపరేషన్‌కి వెళ్లినప్పుడు బట్టలు మార్పించి బల్ల మీద పడుకోబెట్టాక, ఆస్తమా ఉందన్నానని దించేశారు. "ఛాతీ డాక్టరు దగ్గర కాగితం తెచ్చుకోండి" అన్నారు. ఆ కాగితం కోసం ఏడు వారాలు తిరిగాను. జీవితంలో మొదటిసారి ఉన్నదున్నట్టు చెబితే జరిగిన మర్యాద అది. ఇంకెప్పుడూ ఎక్కడా నోరు విప్పకూడదని అప్పుడే అనుకున్నాను.

మూడేళ్ల కిందట కళ్లు మసకేస్తున్నాయని కంటి ఆసుపత్రికి వెళ్లాను. డాక్టరు చాలాసేపు చూశాడు. "నీటికాసులు. కంట్లో ఒత్తిడి పెరిగింది. చూపు అంచుల నుంచి తగ్గుతూ వస్తుంది. పోయింది తిరిగి రాదు, ఉన్నది కాపాడుకోవాలి" అన్నాడు. ఆవగింజంత స్క్రూలు పట్టకారుతో పట్టుకుని బతికేవాడికి ఆ మాట చెబితే ఎలా ఉంటుంది? మందు ఇచ్చే ముందు ఒక నర్సు కాగితం పట్టుకుని వచ్చి కూర్చుంది. చిన్నపిల్ల, కొత్తగా చేరినట్టుంది.

"షుగర్ ఉందా?"

"లేదు."

"బీపీ?"

"ఉంది."

"ఆస్తమా?"

"లేదు."

"ఎప్పుడూ లేదా?" అని ఆ అమ్మాయి తలెత్తి మళ్లీ అడిగింది.

"లేదని చెప్పాను కదమ్మా!" అని విసుక్కున్నాను. ఇంకో ఏడు వారాలు తిప్పుతారనీ, ఈలోగా కళ్లు పోతాయనీ భయం. కింద సంతకం పెట్టమంది. పెట్టాను. అప్పుడు ఇన్‌హేలర్ నా చొక్కా జేబులోనే ఉంది.

కంట్లో వేసుకోవడానికి చుక్కల మందు ఇచ్చారు. ఉదయం ఒక చుక్క, సాయంత్రం ఒక చుక్క. నెల తిరక్కుండా ఆయాసం మొదలైంది. ఎప్పుడూ ఉండే రకం కాదు, కొత్త రకం. ఇన్‌హేలర్ రెండుసార్లు పీల్చినా తలుపు తెరుచుకున్నట్టు ఉండేది కాదు. ఛాతీ డాక్టరు దగ్గరికి వెళ్లాను.

"ఇంట్లో దుమ్మూ దూదీ లాంటివి ఏమన్నా ఉన్నాయా?" అన్నాడు.

"మా కోడలు బొమ్మలు కుడుతుంది. ముందుగది నిండా దూదే" అన్నాను.

ఆయన కలం అక్కడ ఆగింది. "అదీ సంగతి" అన్నాడు. "ఇంకేం మందులు వాడుతున్నారు?" అని కూడా అడిగాడు. బీపీ మాత్ర పేరు చెప్పాను. చుక్కల సంగతి నాకు గుర్తే రాలేదు. మందంటే మింగేది, పీల్చేది. కంట్లో వేసుకునేది కళ్లజోడు లాంటిదనుకున్నాను. ఇంతవరకూ నాది తెలివితక్కువతనం. దీనికి నేను పెద్దగా సిగ్గుపడను.

ఆ తర్వాత మన ఇంట్లో జరిగింది నీకు నా కన్నా బాగా గుర్తుంటుంది. మీ అత్తయ్య అన్న మాటలన్నీ మళ్లీ రాయను. ఒక్కటి మాత్రం రాస్తాను. "బొమ్మల్లో కుక్కినట్టు మా ఆయన ఊపిరితిత్తుల్లో దూది కుక్కుతున్నావు" అంది. ఆ మాట ఆమెది కాదు. ముందు రోజు అన్నం దగ్గర నేను అన్నది. ఆమెకు నా మీద బెంగ, ఆ బెంగకు మాటలు నేను అందించాను.

నువ్వు ఏడవలేదు. మిషన్ ఆపి, నా వైపు తిరిగి అడిగావు. "రెండేళ్లుగా ఇదే దూదిలో కూర్చుని నా బొమ్మలకి కళ్లు కుట్టారు కదా మామయ్యా. ఒక్క తుమ్మైనా రాలేదే. ఇప్పుడెందుకొస్తుంది?"

డాక్టర్లు అడగాల్సిన ప్రశ్న నువ్వు అడిగావు. నేనేమన్నాను? "ఒంటికి ఎప్పుడేది పడదో నువ్వు చెబుతావా?" అన్నాను.

అవును, కళ్లు కుట్టాను. దుకాణం మూసి వచ్చి, భూతద్దం తీయకుండానే నీ పక్కన కూర్చునేవాణ్ని. ఏనుగులకు రెండు కళ్లూ ఒక్క ఎత్తులో కుదిరేవి కావు నీకు, నేను కొలిచి గుర్తు పెట్టేవాణ్ని. నువ్వు చేసిన మొదటి జిరాఫీ మెడ నిలబడక తల వేలాడేస్తే, "దీనికి మీ ఊరి సంబంధం కుదిరినట్టుంది, సిగ్గుపడుతోంది" అన్నాను. నవ్వి నవ్వి సూది గుచ్చుకున్నావు. పాత గడియారం స్ప్రింగు ఒకటి దాని మెడలో పెట్టాం. అప్పుడది తల ఊపింది. నా కనుబొమల మీద దూది చూసి పిట్ట "తాత ముసలోడైపోయాడు" అని గోల చేసేది. ఆ రెండేళ్లూ నేను పెరట్లోకి వెళ్లింది చాలా తక్కువ.

అబ్బాయి నలిగిపోయాడు. చివరికి "నాన్న ఊపిరి కన్నా నీ మిషన్లు ఎక్కువా?" అని నిన్ను అడిగిందీ వాడే, ఆ మర్నాడే "అయితే మేమే వెళ్లిపోతాం" అని నాతో అన్నదీ వాడే. వెళ్లేచోట ఒకటే గది గనక మిషన్లు రెండూ అమ్మేశారు. బొమ్మల దుకాణం వాళ్లు అడిగిన రెండు వందల ఏనుగులూ ఇంకెవరికో పోయాయి. ఇప్పుడు నువ్వు ఫ్యాక్టరీలో పొద్దస్తమానం చొక్కా కాలర్లు కుడుతున్నావు. "కాలర్లకు మొహాలుండవు అత్తయ్యా" అని ఒకసారి రాశావు. అది విన్నాక నేను ఆ రోజు దుకాణానికి వెళ్లలేదు.

మీరు వెళ్లాక మీ అత్తయ్య ముందుగదిని నాలుగుసార్లు కడిగింది. కిటికీ ఊచల మధ్య పట్టిన పోగుల్ని సూదితో తీసింది. గది అద్దంలా అయింది. నా ఊపిరి బాగుపడలేదు. ఒకరోజు కాస్త నయంగా, ఒకరోజు అధ్వానంగా ఉండేది. ఛాతీ డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాశాడు. మొహం గుమ్మడికాయంత అయింది. ఆ మాత్రలకు షుగర్ లేచింది. షుగర్ డాక్టరు "ఆ మాత్రలు తగ్గించండి" అన్నాడు. "తగ్గిస్తే ఊపిరాడదు" అన్నాడు ఛాతీ డాక్టరు. మెడ పైభాగం ఒకరిది, కింది భాగం ఒకరిది, రక్తం ఇంకొకరిది. ముగ్గురూ నన్ను పంచుకున్నారు గానీ ముగ్గురూ కలిసి ఒక్కసారి కూడా నన్ను చూడలేదు. వాళ్లను అని ఏం లాభం? ఒకరి దగ్గరున్న కాగితం ఇంకొకరికి చూపించాల్సిన మనిషిని నేనే.

ఒక మధ్యాహ్నం బస్సు కండక్టరు గడియారానికి బెల్టు మారుస్తూ గాజుపెట్టె మీదికి ఒరిగిపోయాను. కండక్టరు ఈల వేసి బస్సు ఆపించి, ప్రయాణికులతో సహా ఆసుపత్రి గేటు దాకా తీసుకెళ్లాడట. నాకు ఆక్సిజన్ గొట్టం పెట్టాకే తెలివొచ్చింది. ఆ వార్డులో ఒక పెద్ద నర్సు ఉంది. గట్టి మనిషి. మీ అత్తయ్యతో అంది, "ఇంట్లో ఈయన మందులన్నీ ఒక సంచిలో వేసి పట్రండి. మింగేవే కాదమ్మా. పీల్చేవి, పూసుకునేవి, కంట్లో ముక్కులో వేసుకునేవి, ఒక్కటి కూడా వదలకండి."

మీ అత్తయ్య సంచి తెచ్చి మంచం మీద కుమ్మరించింది. నర్సు ఒక్కొక్కటే తీసి చదువుతూ చుక్కల సీసా దగ్గర ఆగింది.

"ఇవి ఎవరివి?"

"నావే" అన్నాను.

"ఎవరిచ్చారు? మీకు ఆస్తమా ఉందని చెప్పలేదా? కంట్లో వేసుకుంటే కంట్లోనే ఉండదయ్యా. ముక్కులోకి జారి రక్తంలో కలుస్తుంది. మీలాంటివాళ్లకి ఊపిరి గొట్టాలు బిగుసుకుపోతాయి. ఇన్నాళ్లు ఎలా బతికారు?"

ఆ చుక్కలు ఆపించి, కంటి డాక్టరుతో మాట్లాడి వేరే రకం ఇప్పించారు. పది రోజుల్లో నేను వార్డు ఈ చివర నుంచి ఆ చివరి దాకా ఆగకుండా నడిచాను. స్టెరాయిడ్ మాత్రలు మెల్లగా తగ్గించి ఆపేశారు. షుగర్ మాత్రం వచ్చింది వచ్చినట్టే ఉండిపోయింది.

మీ అత్తయ్య ఊరుకుంటుందా? "ఆస్తమా ఉందని చెప్పారా లేదా?" అని నన్ను నిలదీసింది. "చెప్పాను. ఆ పిల్లే తప్పు రాసుంటుంది" అన్నాను. ఆమె కుంటుకుంటూ కంటి ఆసుపత్రికి వెళ్లి, నలుగురిలో ఆ నర్సును కడిగేసింది. ఆ అమ్మాయి నా సంతకం చూపించింది. "చదువుకోనివ్వకుండా పెట్టించావు" అంది మీ అత్తయ్య. ఆ అమ్మాయిని రోగుల దగ్గరి నుంచి తీసేసి, కింద కాగితాల గదిలో వేశారని తర్వాత తెలిసింది.

"కోడలికి రాద్దామండీ. పాపం, దూది కాదట అని రాద్దాం" అని కూడా అంది మీ అత్తయ్య. నేనే ఆపాను. "డాక్టర్లు రెండూ కారణం కావచ్చన్నారు. కొన్నాళ్లు చూద్దాం" అన్నాను. డాక్టర్లు అలా ఎవరూ అనలేదు.

ఇక్కడితో ఆపితే ఇది దాచిపెట్టిన ఒక అబద్ధం కథ. దాని కింద ఇంకొకటి ఉంది. అది నీ ఉత్తరం వచ్చేదాకా నాకు తప్ప ఎవరికీ తెలియదు.

ఆ చుక్కల గురించి నాకు తెలిసింది నర్సు చెప్పినప్పుడు కాదు. మీ మిషన్లు తీసుకెళ్లడానికి రెండు రోజుల ముందే తెలుసు.

కొత్త సీసా తెచ్చుకున్నాను. డబ్బా విప్పితే లోపల మడతపెట్టిన కాగితం జారిపడింది. దుకాణంలో బేరం లేదు, భూతద్దం కంటికే ఉంది. చీమ తలకాయంత అక్షరాలు. వాటికన్నా చిన్నవి చదవడమే కదా నా పని. చదివాను. ఉబ్బసం ఉన్నవాళ్లు, ఎప్పుడైనా ఉండినవాళ్లు వాడకూడదని నల్లగా అచ్చేసి ఉంది. ఊపిరి బిగుసుకుపోవచ్చని కింద మళ్లీ రాసి ఉంది. మూడుసార్లు చదివాను. నువ్వడిగిన "ఇప్పుడెందుకొస్తుంది?" అనే ప్రశ్నకు జవాబు నా చేతిలో ఉంది.

ఆ కాగితం మడిచి మురుగు కాలవలో వేశాను.

ఎందుకని అడుగుతావు. నాలో నేను చాలా కారణాలు చెప్పుకున్నాను. చుక్కలు ఆపేస్తే కళ్లు పోతాయనే భయం ఒకటి. అబద్ధం చెప్పి సంతకం పెట్టానని బయటపడుతుందన్నది ఇంకొకటి. రెండూ నిజమే. కానీ వాటికన్నా చిన్నది, నీచమైనది ఇంకొకటి ఉంది. అప్పటికే ఇల్లంతా నా పక్షాన ఉంది. నలభై ఏళ్లు గోడవైపు తిరిగి పీల్చినవాణ్ని. మొదటిసారి నా జబ్బు కోసం ఇంట్లో అందరూ లేచి నిలబడ్డారు. మీ అత్తయ్య పోట్లాడింది, అబ్బాయి నీతో వాదించాడు. "నేను పొరబడ్డాను" అని ఆ మధ్యలోకి వెళ్లి చెప్పాలంటే నాకు నోరు రాలేదు. మిషన్లు బండిలోకి ఎక్కిస్తున్నప్పుడు నువ్వు గుమ్మం పక్కన నిలబడి, తాడు గీసుకుపోకుండా చక్రానికి గుడ్డ చుట్టావు. అమ్మేసిన మిషన్‌కి! నేను అరుగు మీద కూర్చుని దగ్గుతున్నాను. నిజంగా దగ్గే, నటన కాదు. కానీ ఎందుకొస్తోందో తెలిసిన దగ్గు.

ఆ తర్వాత చుక్కలు ఒకరోజు వేసి ఒకరోజు మానేశాను. అటు కన్నూ ఇటు ఊపిరీ రెండూ దక్కుతాయనుకున్నాను. ఊపిరి సగం పోయింది, ఎడమకన్ను సగం పోయింది. ఒకరోజు నయంగా ఒకరోజు అధ్వానంగా ఎందుకుండేదో మీ అత్తయ్యకు ఇప్పుడు తెలిసింది. వాతావరణం అనుకునేది పాపం.

నీ ఉత్తరం చదివి ఆమె మడిచిపెట్టాక ఇదంతా చెప్పాను. ఆమె అరవలేదు. నా షుగర్ చూసే వేళయింది గనక వేలు గుచ్చి చూసింది. అంకె పుస్తకంలో రాసింది. మాత్ర చేతిలో పెట్టింది. అప్పుడు అడిగింది.

"ఎన్ని రోజుల ముందు?"

"రెండు రోజులు."

"రెండు రోజుల ముందు" అంది. "ఆ రోజు పొద్దున కూడా నేను దాన్ని తిట్టాను. మీరు వింటున్నారు."

"వింటున్నాను."

వెళ్లి ముందుగదిలో నేల మీద కూర్చుంది. ఆ మోకాలితో నేల మీద కూర్చుంటే మళ్లీ లేవలేనని తనకు తెలుసు. లేపడానికి వెళితే చేయి తోసేసింది.

మర్నాడు పొద్దున్నే చీర మార్చుకుని, కర్ర నిజంగానే పట్టుకుని, "పదండి" అంది. కంటి ఆసుపత్రిలో కింది అంతస్తుకు తీసుకెళ్లింది. ఆ అమ్మాయి అరల మధ్య నిలబడి ఫైళ్లు సర్దుతోంది. గుర్తుపట్టి రెండడుగులు వెనక్కి వేసింది. నేను చెప్పాల్సింది చెప్పాను. "ఆ రోజు నువ్వు రెండుసార్లు అడిగావు. నేను రెండుసార్లూ అబద్ధం చెప్పాను" అన్నాను.

"ఇప్పుడు చెప్తే నన్నేం చేయమంటారు?" అంది ఆ అమ్మాయి.

ఆమె వెతికి నా ఫైలు తీసింది. కలం తీసి, అప్పటిలాగే అడిగింది.

"ఆస్తమా ఉందా?"

"ఉంది."

"ఎప్పట్నుంచి?"

"ఆరో ఏట నుంచి."

"గట్టిగా చెప్పండి."

చెప్పాను. బీపీ, హెర్నియా, షుగర్, స్టెరాయిడ్లు, అన్నీ అడిగి రాసుకుంది. సంతకం పెట్టాను. పెద్దాఫీసులో కూడా ఇదే రాసిచ్చి వచ్చాను. ఆమెను మళ్లీ పైకి పంపుతారో లేదో తెలియదు. "చూద్దాం" అన్నారు. ఆ 'చూద్దాం'కి అర్థం నాకు బాగా తెలుసు.

నీ మిషన్ల కోసం కూడా వెళ్లాను. కొన్నది బడి దుస్తులు కుట్టే దర్జీ. ఒకదాన్ని విప్పి రెండోదానికి విడిభాగాలుగా వాడేశాడు. రెండోది ఇవ్వనన్నాడు. "మంచి మిషన్ సార్, బాగా చూసుకున్న చేయి" అన్నాడు. తిరిగొచ్చేశాను.

పిట్ట డాక్టరుకు ఇది చెప్పు. తాతకు ఆరో ఏట నుంచి ఉంది, తాత మేనత్త దానితోనే పోయింది. చల్లగాలి, పొగ, జలుబు నాకు పడవు. దూది పడకపోవడం ఎప్పుడూ లేదు. పిట్టకు ఏది పడదో పరీక్ష చేసి వాళ్లే చెప్పాలి, నా మాట పట్టుకోకు, నీ భయమూ పట్టుకోకు. కుందేలు ఇంకా ఎక్కడన్నా దొరికేలా ఉంటే డాక్టర్ని అడిగి, ఉతికి ఇచ్చేయ్. రోజూ పీల్చమని ఇచ్చిన మందు దగ్గు లేని రోజుల్లో కూడా మానకు. ఇన్‌హేలర్‌కి గొట్టం తగిలించి మెల్లగా పీల్పించు, తర్వాత నోరు పుక్కిలించమను. పంటికి వెళ్లినా, కంటికి వెళ్లినా, కాలికి దెబ్బ తగిలి వెళ్లినా దాని మందులన్నీ ఒక సంచిలో వేసుకుని వెళ్లు. బడిలో టీచరుకు చెప్పు, పక్కన కూర్చునే పిల్లకు కూడా చెప్పు. అది అందరి ముందూ, అందరి వైపు తిరిగి పీల్చాలి. జలుబు అని ఎవరితోనూ అనిపించకు. మా ఇంట్లో ఆ మాట మూడు తరాలు నడిచింది, చాలు.

ఈ ఉత్తరం అబ్బాయికి చూపించు. దాచమని నిన్ను అడగను. వాడు ఇంకెప్పుడూ నాతో మాట్లాడకపోతే అది నీ వల్ల కాదని మాత్రం గుర్తుంచుకో.

నువ్వు ఫ్యాక్టరీకి వెళ్లే వేళల్లో పిట్ట దగ్గర ఉండటానికి మీ అత్తయ్య వస్తానంటోంది. "రమ్మంటేనే వెళతాను. వద్దంటే అదీ న్యాయమే" అంది. తాను అన్న మాటల గురించి తానే విడిగా రాస్తుందట, నన్ను ఆ సంగతి ఎత్తొద్దంది. ఆమె వస్తే నా వంటా, నా వేలు గుచ్చుకోవడమూ నేనే చేసుకుంటాను. నేర్చుకుంటున్నాను.

ఇంతవరకూ రాసి ఆమెకు వినిపించాను. పూర్తిగా విని, "క్షమించమని రాశారా?" అంది.

"చివర్లో రాద్దామని ఉంచాను" అన్నాను.

"రాయకండి."

"అదేంటి?"

"మీరు ఆ మాట రాస్తే, ఆ పిల్ల 'ఫర్వాలేదు మామయ్యా' అని జవాబు రాయాల్సొస్తుంది. దాని సంగతి మీకు తెలుసు, తప్పకుండా రాస్తుంది. ఆ పని కూడా దాని నెత్తిన పెట్టకండి" అంది.

అందుకని ఆ మాట రాయడం లేదు. దీనికి నువ్వు జవాబు రాయనక్కర్లేదు. పిట్ట ఎలా ఉందో మీ అత్తయ్యకు రాస్తూ ఉండు. అది నాకు చదివి వినిపించాలా వద్దా అన్నది ఆమె ఇష్టం.

ఇట్లు,
అన్నీ తెలిసి ఊరుకున్న
మీ మామయ్య